ఒకే బాయిలరు, రెండు ట్యాంకులు: ల్యాడర్ రాసే ముందు గ్రాఫ్‌సెట్ గీయడం ఎలా

ఒడిశాలోని జయపురం, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పనిచేసే ఐటీఐ, డిప్లొమా కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "ల్యాడర్ వచ్చు సార్. స్టార్-డెల్టా, కన్వేయరు సీక్వెన్సు అన్నీ చేసేస్తాం. కానీ మెషిన్లు ఎక్కువై, ఒకదాని కోసం ఇంకొకటి ఆగాల్సి వచ్చేసరికి ప్రోగ్రామ్ చేయి దాటిపోతోంది. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట చెడుతోంది."

ల్యాడర్ అంటే యంత్రాలను నడిపే పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటరుకు నిచ్చెన మెట్లలా గీసే ప్రోగ్రామ్. దానికోసం ల్యాపుటాప్ తెరవకముందే కాగితం మీద గ్రాఫ్‌సెట్ అనే బొమ్మ గీయడం నేర్చుకుంటే ఈ బాధ చాలావరకు పోతుంది. దామన్‌జోడి అల్యూమినా రిఫైనరీలో, రాయగడ పేపరు మిల్లులో కాంట్రాక్టు పని చేసేవాళ్లకు ఎంత పనికొస్తుందో, ఊళ్లో ఉప్పుడు బియ్యం మిల్లు ప్యానెల్ చూసుకునేవాళ్లకూ అంతే పనికొస్తుంది. మనందరికీ తెలిసిన యంత్రం కాబట్టి ఉదాహరణకు మిల్లునే తీసుకుంటాను.

సిద్ధాంతం ఎంత కావాలో అంతే చెబుతాను. పని వరుసను పెట్టెలు, గీతలతో చూపే గ్రాఫ్‌సెట్ 1977లో ఫ్రాన్స్‌లో తయారైంది. ఇప్పుడు దాని అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60848. మీ పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్‌లో కనిపించే ఎస్‌ఎఫ్‌సీ (సీక్వెన్షియల్ ఫంక్షన్ చార్ట్) దాని నుంచే వచ్చింది, అది ఐఈసీ 61131-3 కిందికి వస్తుంది. రెంటికీ వెనక ఉన్న ఆలోచన పెట్రి నెట్, కార్ల్ ఆడమ్ పెట్రి 1962 నాటి థీసిస్ నుంచి వచ్చింది. ఆటో, మాన్యువల్ లాంటి మోడ్‌లు గీయడానికి స్టేట్‌చార్ట్ బాగుంటుంది, దాన్ని డేవిడ్ హారెల్ 1987లో ప్రచురించాడు. మీరు వాడబోయేది ప్రధానంగా గ్రాఫ్‌సెట్. మిగతా రెంటి నుంచి చెరొక ఉపాయం తీసుకుంటాం.

కావలసినవి

పెద్ద చార్టు కాగితం, పెన్సిలు, మంచి రబ్బరు. సెన్సార్లు, వాల్వుల జాబితా. ఫోన్‌లో తీసిన ఒక పూర్తి బ్యాచ్ వీడియో. గుప్పెడు చింతగింజలు, అవి ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మిల్లులో ఏళ్లుగా పనిచేస్తున్న ఆపరేటరు ఒక పూట కూర్చోవడం. సాఫ్ట్‌వేర్ తర్వాత సంగతి. సాధన కోసం కోడెసిస్, ఓపెన్‌పీఎల్‌సీ ఉచితంగా దొరుకుతాయి, రెంటిలోనూ ఎస్‌ఎఫ్‌సీ ఉంది. డెల్టా వాడేవాళ్లకు ఐఎస్‌పీసాఫ్ట్‌లో, సీమెన్స్ వాళ్లకు ఎస్7-గ్రాఫ్ పేరుతో ఉంది.

1. పనిని మాటల్లో రాసుకోండి

ఆపరేటరు చెప్పినట్టే, ఆయన మాటల్లోనే రాయండి. మన ఉదాహరణ ఇది: ట్యాంకులో ధాన్యం నింపుతారు, వేడినీళ్లు పెడతారు, 65-70 డిగ్రీల దగ్గర మూడున్నర గంటలు నానబెడతారు, నీళ్లు తీసేస్తారు, ఆవిరి పడతారు, కింద గేటు తెరిచి డ్రయ్యరుకు దించుతారు. ట్యాంకులు రెండు, ఏ, బీ. ఊకతో నడిచే బాయిలరు ఒక్కటే. అది ఒకసారికి ఒక ట్యాంకుకే ఆవిరి ఇవ్వగలదు. కష్టమంతా ఈ చివరి వాక్యంలో ఉంది.

"అప్పుడప్పుడు", "ఒక్కోసారి" అని ఆపరేటరు అన్న ప్రతిచోటా ఆగి ఎప్పుడో అడగండి. "ఒక్కోసారి ఆవిరి రెండుసార్లు పడతాం" అంటే అక్కడ బొమ్మలో ఒక చీలిక ఉన్నట్టే.

2. ఇన్‌పుట్లు, ఔట్‌పుట్ల పట్టిక

ప్రతి సెన్సారు పక్కన ఒక గడి ఎక్కువ గీసి, "వైరు తెగితే ఏమని చెబుతుంది?" అని రాయండి. ధాన్యం నిండినట్టు చెప్పే సెన్సారు మీద ఊక దుమ్ము పేరుకుంటే ట్యాంకు ఖాళీగా ఉన్నా "నిండింది" అనే అంటుంది. పై సెన్సారు "ఉంది", కింది సెన్సారు "లేదు" అంటే అది అబద్ధం. దాన్ని అలారంగా ఇప్పుడే రాసిపెట్టుకోండి.

3. ఒక్క ట్యాంకుకు గొలుసు గీయండి

ఒక్కో స్థితికి ఒక చదరపు పెట్టె. మొదటి పెట్టెకు రెండు గీతల అంచు. పెట్టెకూ పెట్టెకూ మధ్య నిలువు గీత, దాన్ని అడ్డంగా కోస్తూ ఒక చిన్న గీత. ఆ అడ్డగీత పక్కన, ఏం జరిగితే ముందుకు వెళ్లాలో రాయాలి. పెట్టె కుడిపక్కన, అక్కడ ఏ పని జరుగుతుందో రాయాలి.

ఏ ట్యాంకుకు ఇలా వస్తుంది:

10: ఎదురుచూపు. స్టార్ట్ నొక్కారు, ట్యాంకు ఖాళీ, కింద గేటు మూసి ఉంది అంటే 11కి.
11: ధాన్యం నింపు. పై సెన్సారు వస్తే 12కి.
12: వేడినీళ్లు పెట్టు. నీటి మట్టం చేరితే 13కి.
13: నానబెట్టు. మూడున్నర గంటలు అయితే 14కి.
14: నీళ్లు తీసేయి. మట్టం పడిపోయి ఐదు నిమిషాలు అలాగే ఉంటే 15కి.
15: ఆవిరి కోసం ఆగు. ఇక్కడ ఏ వాల్వూ తెరవదు.
16: ఆవిరి పట్టు. సమయం అయితే 17కి.
17: దించు. ఖాళీ అయితే మళ్లీ 10కి.

చాలామంది చేసే తప్పు ఏమిటంటే 15వ పెట్టె గీయకపోవడం. అక్కడ ఏ పనీ లేదు కదా, పెట్టె ఎందుకని వదిలేస్తారు. ఆగడం కూడా ఒక స్థితే. దానికి పెట్టె లేకపోతే "నీళ్లు తీసేశాం, ఆవిరి ఇంకా రాలేదు" అనే సంగతి ప్రోగ్రామ్‌కు తెలియదు, డ్రెయిన్ వాల్వు తెరిచే ఉండిపోతుంది.

ఇంకో తప్పు: పెట్టెకు "పంపు ఆన్" అని పేరు పెట్టడం. పేరు స్థితిని చెప్పాలి, పంపు సంగతి పక్కన రాయాలి. ఒకే పంపు రెండు మూడు పెట్టెల్లో నడవచ్చు.

పెట్టెల్లో మాటలు తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి. మన జిల్లాల్లో యజమాని తెలుగు, బాయిలరు మనిషి ఒడియా, ప్యానెల్ కట్టినవాళ్లు హిందీ మాట్లాడటం మామూలే. ల్యాడర్ వాళ్లలో ఒక్కరే చదవగలరు. బొమ్మను ముగ్గురూ చదివి తప్పు చూపించగలరు.

4. రెండో ట్యాంకు, "ఆవిరి ఖాళీ" పెట్టె

బీ ట్యాంకుకు అదే గొలుసును 20 నుంచి 27 దాకా పక్కనే గీయండి. రెండు గొలుసుల మధ్య ఒంటరిగా ఇంకో పెట్టె గీయండి. దాని అంకె 1, పేరు "ఆవిరి ఖాళీ", అంటే ఆవిరిని ఇప్పుడు ఏ ట్యాంకూ వాడటం లేదని. ఇది కూడా మొదటి పెట్టెయే, కాబట్టి రెండు గీతల అంచు.

ఇప్పుడు 15 నుంచి 16కి వెళ్లే అడ్డగీతకు పైన రెండు పెట్టెలు కలపాలి: 15, 1. పెట్టె వెలగడం అంటే ఆ స్థితి ఇప్పుడు నడుస్తోందని. రెండూ వెలిగి ఉంటేనే గీత దాటుతుంది, దాటగానే రెండూ ఆరిపోతాయి. ఇలా రెండు దారులు కలిసేచోట జంట అడ్డగీత గీయాలి. 16 అయిపోయాక వచ్చే అడ్డగీత కింద మళ్లీ జంట గీత: ఒక దారి 17కి, ఇంకో దారి 1కి. ఆవిరి తీసుకున్నవాడు తిరిగి ఇచ్చేశాడన్నమాట. బీ ట్యాంకుకూ ఇంతే. ఇదే పెట్రి నెట్ నుంచి తెచ్చుకున్న ఉపాయం.

బాయిలరు ఒకేసారి రెండు ట్యాంకులకు ఇవ్వగలిగితే? పెట్రి నెట్‌లో పెట్టె వెలిగిందని గింజ పెట్టి చూపిస్తారు, ఒకే పెట్టెలో రెండు గింజలు పెట్టవచ్చు. గ్రాఫ్‌సెట్ పెట్టె వెలుగుతుంది లేదా ఆరుతుంది, అంతే. అందుకని రెండు పెట్టెలు గీయండి, లేదా కౌంటరు పెట్టండి.

5. ఇద్దరూ ఒకేసారి వస్తే?

గైడ్‌లో ఒక్క మెట్టే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఏ ట్యాంకు 15లో ఉంది, బీ ట్యాంకు 25లో ఉంది, "ఆవిరి ఖాళీ" పెట్టె వెలిగింది. గ్రాఫ్‌సెట్ నియమం ప్రకారం, దాటడానికి సిద్ధంగా ఉన్న గీతలన్నీ ఒకేసారి దాటుతాయి. అంటే 16, 26 రెండూ వెలుగుతాయి. రెండు ఆవిరి వాల్వులూ తెరుచుకుంటాయి, ప్రెషరు పడిపోతుంది, రెండు బ్యాచ్‌లూ సగం సగం ఉడుకుతాయి. పెట్టె ఒక్కటే ఉంది కాబట్టి ఒకరికే దొరుకుతుందనుకుంటే పొరపాటు. ఆ ఎంపిక గీత పక్కన మీరే రాయాలి.

సులువైన దారి: బీ గీత పక్కన "15 వెలగకపోతేనే" అని కలపండి. ఏ ట్యాంకుకు మొదటి హక్కు దక్కుతుంది. రెండు ట్యాంకులకు ఇది చాలు, ఎందుకంటే ఒకసారి ఆవిరి పట్టాక ఏ మళ్లీ 15కి రావడానికి కనీసం మూడున్నర గంటలు పడుతుంది, ఈలోపు బీ పని అయిపోతుంది.

ఆరు ట్యాంకులుంటే ఈ పద్ధతి పెట్టకండి. ముందున్న ఐదూ వంతులవారీగా వస్తుంటే ఆరో ట్యాంకు ధాన్యం అలాగే పడి ఉంటుంది. అప్పుడు ఎవరు ముందు ఆగారో వాళ్లకే ఇవ్వాలి: ప్రతి ట్యాంకు ఎదురుచూపు పెట్టెకు ఒక టైమరు పెట్టి, ఎక్కువసేపు ఆగినవాళ్లకు ఇవ్వండి. రెండు టైమర్లు సమానంగా ఉంటే చిన్న అంకెకు అని కూడా రాయండి.

6. చింతగింజలతో ఆడించండి

అష్టాచమ్మా పటం మీద నడిపినట్టే. వెలిగి ఉన్న ప్రతి పెట్టె మీద ఒక గింజ పెట్టండి. మొదట 10, 20, 1 మీద. ఒకరు సెన్సారు మాట చెబుతారు ("ఏ ట్యాంకు నిండింది"), ఇంకొకరు గింజ కదుపుతారు. ఆపరేటరు చెబితే ఇంకా మేలు, మిల్లులో నిజంగా జరిగే విచిత్రాలు ఆయనకే తెలుసు.

ఆడుతున్నప్పుడు ఒక లెక్క ఎప్పుడూ చూసుకోండి: 1, 16, 26 ఈ మూడింటి మీద కలిపి ఎప్పుడు చూసినా ఒకే ఒక్క గింజ ఉండాలి. రెండు కనిపిస్తే ఐదో మెట్టు తప్పింది. ఒక్కటీ లేకపోతే ఎవరో ఆవిరి తీసుకుని తిరిగి ఇవ్వలేదు. ఈ లెక్కనే తర్వాత ప్రోగ్రామ్‌లోనూ అలారంగా రాయండి. బొమ్మ మీద కుదిరిన లెక్క యంత్రం మీద తప్పిందంటే, పెట్టె వెలిగిందో లేదో గుర్తుపెట్టుకునే మెమరీ బిట్లను ఎవరో ఇంకోచోట నుంచి మారుస్తున్నారని అర్థం.

7. ఒకరికొకరు అడ్డుపడే చోటు వెతకండి

చాలా మిల్లుల్లో డ్రయ్యరుకు వేడి కూడా అదే బాయిలరు ఇస్తుంది. డ్రయ్యరు కూడా ఒక్కటే అయితే "డ్రయ్యరు ఖాళీ" అని ఇంకో పెట్టె గీయాలి. ఇక్కడ కొత్త ప్రమాదం మొదలవుతుంది.

ఆవిరి పట్టడం అయ్యాక డ్రయ్యరు దొరికితేనే ఆవిరి వదిలేలా మీరు గీశారనుకోండి. ఏ ట్యాంకు ఆవిరి పట్టుకుని డ్రయ్యరు కోసం ఆగుతుంది. డ్రయ్యరులో బీ ట్యాంకు ధాన్యం ఉంది, అది ఆరడానికి ఆవిరి కావాలి. ఇద్దరూ ఆగిపోతారు, ఏ అలారమూ మోగదు. ప్రతి వాల్వూ ప్రోగ్రామ్ చెప్పినట్టే ఉంటుంది, మిల్లు మాత్రం నిలిచిపోతుంది. బొమ్మ లేనివాళ్లు ఇలాంటప్పుడు పవర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారు, సమస్య పోయిందనుకుంటారు, సీజన్ మధ్యలో మళ్లీ అదే వస్తుంది.

ఆవిరి అయిపోగానే వదిలేస్తే చిక్కుముడి విడిపోతుంది. కానీ ఉడికిన ధాన్యం వేడి ట్యాంకులో ఎక్కువసేపు ఉంటే బియ్యం రంగు ముదురుతుంది. నేను చెప్పే దారి ఇది: 15 నుంచి 16కి వెళ్లే గీత పైన ఆవిరి, డ్రయ్యరు రెండు పెట్టెలూ కలపండి. రెండూ ఒకేసారి దొరికితేనే కదులు, లేదంటే ఏదీ పట్టుకోకుండా ఆగు. ఆవిరి అయ్యాక ఆవిరి పెట్టె తిరిగి ఇచ్చేయాలి, డ్రయ్యరును మాత్రం ఆరడం అయ్యేదాకా ఉంచుకోవాలి. డ్రయ్యరు గొలుసు కూడా ఆవిరి తీసుకుని తిరిగి ఇస్తుంది కాబట్టి ఆరో మెట్టు లెక్కలో దాని పెట్టెనూ కలపండి.

8. మోడ్‌లు వేరే కాగితం మీద

ఆటో, మాన్యువల్, ఎమర్జెన్సీ, కరెంటు పోయి రావడం. వీటిని ప్రతి పెట్టె నుంచీ బాణాలు గీసి చూపించబోతే బొమ్మ గూడు అల్లినట్టవుతుంది. స్టేట్‌చార్ట్ ఇక్కడ వాడండి: "ఆటో" అని ఒక పెద్ద పెట్టె, పైన గీసిన గొలుసులన్నీ దాని లోపల ఉన్నట్టు లెక్క. ఆ పెద్ద పెట్టె అంచు నుంచి "ఎమర్జెన్సీ"కి ఒకే బాణం. లోపల ఎక్కడున్నా ఆ బాణం పనిచేస్తుంది.

కరెంటు విషయం ఒక్కో పెట్టెకూ విడిగా తేల్చుకోండి. నానబెట్టేటప్పుడు కరెంటు పోతే ధాన్యం నానుతూనే ఉంటుంది, కాబట్టి ఆ పెట్టె గుర్తుండాలి, దాని టైమరు రిటెంటివ్ (కరెంటు పోయినా లెక్క మరిచిపోని రకం) అయి ఉండాలి. కరెంటు లేని సమయాన్ని లెక్కలోకి తీసుకోవాలంటే పీఎల్‌సీ గడియారం టైమ్ రాసిపెట్టుకోవాలి. ఆవిరి పట్టేటప్పుడు పోతే, వచ్చాక తనంతట తాను వాల్వు తెరవకూడదు, ఆపరేటరు చూసి నొక్కాలి.

హెచ్చరిక: ఎమర్జెన్సీ స్టాప్‌ను ప్రోగ్రామ్ మీదే వదలకండి. అది వైరింగ్‌లోనే, సేఫ్టీ రిలే ద్వారా సప్లై తెంచాలి. అది నొక్కారన్న సంగతి మన ప్రోగ్రామ్‌కు తెలిస్తే చాలు. ఆవిరి వాల్వు సప్లై పోతే స్ప్రింగ్‌తో మూసుకునే రకం కావాలి. బాయిలరు సొంత సేఫ్టీ వాల్వు, నీటిమట్టం ఇంటర్‌లాకుల జోలికి మన ప్రోగ్రామ్ అసలు పోకూడదు.

9. సమయాలు రాయండి

ప్రతి పెట్టెకు "ఎక్కువలో ఎక్కువ ఎంతసేపు" అని రాయండి. మామూలుగా అరగంటలో నిండే ట్యాంకు ముప్పావుగంటైనా నిండకపోతే ఎలివేటరు బెల్టు జారుతోందనో, సెన్సారు పాడైందనో అర్థం.

తర్వాత వేగంగా వచ్చే సిగ్నల్స్ చూడండి. నిమిషానికి 300 చుట్లు తిరిగే షాఫ్ట్ మీద నాలుగు బోల్టులను సెన్సారు లెక్కపెడుతోందనుకోండి. సెకనుకు 20 పల్సులు, అంటే 50 మిల్లీసెకన్లకు ఒకటి. అందులో పావు వంతే బోల్టు సెన్సారు ఎదుట ఉంటే పల్సు 12.5 మిల్లీసెకన్లు మాత్రమే. మీ ప్రోగ్రామ్ స్కాన్, అంటే పీఎల్‌సీ ప్రోగ్రామ్‌ను ఒకసారి మొత్తం చదివే సమయం, 20 మిల్లీసెకన్లు అయితే చాలా పల్సులు కనిపించకుండా పోతాయి, తిరుగుతున్న షాఫ్ట్ ఆగిందని తప్పుడు అలారం వస్తుంది. అలాంటివాటికి హై-స్పీడ్ ఇన్‌పుట్ వాడండి, లేదా బోల్టుల బదులు సెన్సారు ఎదుట ఎక్కువసేపు ఉండే వెడల్పైన పట్టీ ఒకటి పెట్టండి. పల్సు వెడల్పు కనీసం ఒక స్కాన్ కన్నా ఎక్కువ ఉండాలి, రెండు స్కాన్‌లు ఉంటే నిశ్చింత.

10. ఇప్పుడు ల్యాడర్

ప్రోగ్రామ్‌ను మూడు భాగాలుగా, ఈ వరుసలోనే రాయండి.

మొదటి భాగంలో గీతలు. ప్రతి అడ్డగీతకు ఒక మెమరీ బిట్: పైనున్న పెట్టెలన్నీ వెలిగి, షరతు నిజమైతే ఆ బిట్ ఆన్. పెట్టెలను ఇక్కడ మార్చకూడదు.

రెండో భాగంలో పెట్టెలు. ప్రతి పెట్టెకు ముందు రీసెట్, తర్వాత సెట్. ఒకే స్కాన్‌లో ఒక పెట్టె ఆరాలనీ వెలగాలనీ రెండూ వస్తే గ్రాఫ్‌సెట్ నియమం ప్రకారం అది వెలిగే ఉండాలి. వరుస తిరగబడితే అరుదుగా ఎప్పుడో ఒకసారి గింజ మాయమవుతుంది, కారణం దొరకక తల పట్టుకుంటారు.

మూడో భాగంలో ఔట్‌పుట్లు. ప్రతి వాల్వుకూ మోటారుకూ ఒకే ఒక్క కాయిల్ (ల్యాడర్‌లో ఔట్‌పుట్‌ను ఆన్ చేసే గుర్తు). సర్క్యులేషన్ పంపు 12, 13 రెంటిలోనూ నడవాలంటే ఆ రెండు బిట్లనూ ప్యారలల్‌గా పెట్టి ఒక్క కాయిల్‌కు ఇవ్వండి. కాయిల్ రెండుచోట్ల రాస్తే చివర రాసిందే గెలుస్తుంది. మొదటి చోట ఆన్ అయినట్టు స్క్రీన్ మీద కనిపిస్తుంది, పంపు మాత్రం తిరగదు.

మొదటి స్కాన్‌లో 10, 20, 1, డ్రయ్యరు ఖాళీ పెట్టె సెట్ చేయాలి. కానీ రిటెంటివ్ మెమరీ వాడుతుంటే, ఏ పెట్టె కూడా వెలగనప్పుడే అలా చేయాలి. లేదంటే కరెంటు వచ్చిన ప్రతిసారీ ఇంకో గింజ పుడుతుంది.

ఎస్‌ఎఫ్‌సీలోనే నేరుగా రాయాలనుకునేవాళ్లు ఒకటి గమనించండి. రెండు విడి చార్టులు ఒక పెట్టెను పంచుకునేలా చాలా సాఫ్ట్‌వేర్లలో గీయలేరు, ఆవిరిని ఒక బిట్‌గా పెట్టాల్సి వస్తుంది. అప్పుడు ముందు నడిచే చార్టుకే మొదటి హక్కు వెళ్లిపోతుంది. అది మీరు కోరుకున్న వరుసేనా అని చూసుకోండి. ఇంకా, చీలిక దగ్గర రెండు షరతులూ నిజమైతే ఎస్‌ఎఫ్‌సీ సాధారణంగా ఎడమ దారినే తీసుకుంటుంది, గ్రాఫ్‌సెట్ రెండు దారులూ తీసుకుంటుంది. షరతులు ఒకదానికొకటి పొసగకుండా రాస్తే రెంటిలోనూ ఫలితం ఒకటే.

11. పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

ముందు సిమ్యులేషన్‌లో, తర్వాత మెయిన్ సప్లై లేకుండా కంట్రోల్ సప్లైతో, ఆ తర్వాత ధాన్యం లేకుండా, చివరగా నిజమైన బ్యాచ్‌తో. ప్రతిసారీ పెన్సిలుతో బొమ్మ మీద టిక్ పెడుతూ పోండి: ప్రతి గీతా కనీసం ఒకసారి దాటాలి. దాటని గీత పరీక్షించని గీతే.

తర్వాత కావాలని చెడగొట్టండి. 15, 25 ఒకే స్కాన్‌లో వచ్చేలా సిమ్యులేషన్‌లో బలవంతం చేయండి, ఒక్క వాల్వే తెరవాలి. ప్రతి పెట్టెలోనూ ఒకసారి కరెంటు తీసి ఇవ్వండి. ఒక్కో సెన్సారు వైరు విప్పి చూడండి, టైమ్ అలారం రావాలి. ఫోర్స్ చేసిన బిట్లన్నీ చివర తీసేశారో లేదో ఇద్దరు చూడాలి.

ధాన్యం మండీలు మొదలై మిల్లు రాత్రింబవళ్లు నడిచే రోజుల్లో ప్రోగ్రామ్ మార్చే పని పెట్టుకోకండి. తప్పనిసరైతే పాత ప్రోగ్రామ్ కాపీ తీసి, ముందు బొమ్మ మార్చి, గింజలతో ఆడించి, ఆ తర్వాతే ల్యాడర్ ముట్టండి. మార్చిన బొమ్మ మీద తేదీ వేసి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించండి, పాతది తీసేయండి. రెండు బొమ్మలు పక్కపక్కన ఉంటే రాత్రి షిఫ్టువాడు తప్పుదాన్ని నమ్ముతాడు.